నూకరత్నం నూనె బుడ్డి

నేను ఒక ఇత్తడి నూనె బుడ్డిని. పిడికిట్లో ఇమిడిపోతాను. మెడ సన్నం, పొట్ట లావు, తలమీద మరమూత. బుడితి అనే ఊళ్ళో కంచరివాళ్ళ కొలిమి దగ్గర పుట్టాను. నాకు గుర్తున్న మొదటి సంగతి ఎర్రటి వేడి, రెండోది సుత్తి దెబ్బ. సంతలో నూకరత్నం అమ్మమ్మ నన్ను కొని, తలదువ్వుకునే చోట పెట్టుకుంది. ఆవిడ తర్వాత ఆవిడ కూతురు. రత్నం పురుడు పోసుకుని అత్తారింటికి వెళ్తున్నప్పుడు పసిపిల్లతోపాటు నన్నూ పాత చీరలో చుట్టి పంపారు.

కొబ్బరినూనె కడుపులో పెట్టుకున్నదానికి లోకం మెత్తగా వినిపిస్తుంది. సముద్రం ఇంటి వెనకాలే ఉన్నా, అలల చప్పుడు నా లోపలికి వచ్చేసరికి నిద్రలో ఎవరో మాట్లాడినట్టు ఉంటుంది. ఆ మగతలోంచే మనుషుల్ని చూస్తూ ఉంటాను. నూనె మీద వాళ్ళకున్న నమ్మకం చూస్తే నవ్వొస్తుంది. పిల్ల మాడుకీ నూనే, మొరాయించే తలుపుకీ నూనే, కాలి పగుళ్ళకీ నూనే.

రత్నం మొగుడు తాతబాబు ఏటా గుజరాత్‌లోని వెరావల్ వెళ్ళి బోటు మీద చేపలవేట చేసి వస్తాడు. రత్నం కడుపుతో ఉన్నప్పుడు ఆసుపత్రిలో ఇద్దరికీ రక్తం చూశారు. ఆమెకేమీ లేదు. అతనికి హెచ్ఐవీ ఉంది. అప్పట్నించీ అతనికి రోజూ మాత్ర, ఇద్దరి మధ్యా కండోమ్. అత్త ఆదెమ్మకి మాత్రం అవి బలం మాత్రలు.

ఈ ఏడు తాతబాబు తిరిగొచ్చిన కొన్నాళ్ళకి, ఓ మధ్యాహ్నం, ఆదెమ్మ చేపల గంప ఎత్తుకుని ఊళ్ళోకి వెళ్ళింది. పిల్ల ఉయ్యాల్లో నిద్రపోతోంది. పురుడయ్యాక రత్నానికి నొప్పిగా ఉంటోందని, కాస్త నూనె తగిలితే మేలనుకుని తాతబాబు నన్ను అందుకున్నాడు. నాకు ఇదీ కొత్త కాదు అనుకుని కళ్ళు మూసుకున్నాను.

"ఓలమ్మో! సిరిగిపోనాది మావా!"

"ఏటీ అవదులే."

"ఎలాగ అవదు? మాత్రలు ఏసుకుంతన్నావు గదా?"

అతను గోడకేసి చూశాడు. "బోటు మీద ఎప్పుడో అయిపోనాయి. నడిసంద్రంలో మందులకొట్టు ఉంటాదేటే?"

"ఒచ్చి ఇన్నాళ్ళయినాది గదా! ఇక్కడా సంద్రమేనా?"

పిల్ల లేచి పాలకి ఏడ్చింది. రత్నం ఎత్తుకుంది, రవికె దాకా పోయిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఇవ్వొచ్చో లేదో ఎవర్నడగాలి? పిల్ల గుక్కపట్టింది. చివరికి ఇచ్చింది. ఆమె కన్నీళ్ళు పిల్ల చెంప మీద పడితే, అదీ పాలేననుకుందేమో, ఆ పిచ్చితల్లి నాలుక చాచింది.

మర్నాడు పొద్దున్నే రత్నం, "పాపకి టీకా ఏయించాలత్తా," అంది.

"మొన్ననే గదే ఏసినారు? గుంటని జల్లెడ సేసేత్తారేటి!" అంటూనే ఆదెమ్మ నన్ను సంచిలో పడేసింది. "ఎండ. మాడు ఆరనీకు."

ఆసుపత్రిలో కౌన్సిలర్ సుభాషిణి మొగుడూ పెళ్ళాల్ని కూర్చోబెట్టి, తలుపు దగ్గరగా వేసి ఒక్కొక్కటే అడిగింది. ఎప్పుడు జరిగింది? అతను మాత్రలు మాని ఎన్నాళ్ళయింది? చివరికి, "కండోమ్‌కి ఏమన్నా రాశారా?"

రత్నం సంచిలో చెయ్యి పెట్టి నన్ను బల్ల మీద నిలబెట్టింది. "ఇదే మేడమ్. పిల్ల మాడుకి రాసేది."

ఆవిడ నవ్వలేదు. "నూనె తగిలితే ఆ రబ్బరు బలం పోతుందమ్మా, ఇట్టే చిరుగుతుంది. నీళ్ళతో చేసే జెల్ వేరే ఉంటుంది, అది వాడాలి."

"కొబ్బరినూనె మంచిదే గదండీ," తాతబాబు గొణిగాడు.

"తలకి మంచిదే నాయనా."

రక్తం చూశారు. లేదన్నారు. రత్నం మొహం వెలిగిపోయింది.

"ఆగమ్మా," అంది సుభాషిణి. "ఇది నిన్నటి సంగతి చెప్పదు, అంతకుముందు నీకు లేదని చెప్తుంది, అంతే. అతను మాత్రలు సరిగ్గా వేసుకుని, రక్తంలో వైరస్ దొరకనంతగా తగ్గి ఉంటే నీకింత భయం ఉండేదే కాదు. ఇప్పుడు మాత్రం మందు కావాలి. మూడు రోజులు దాటితే పని చెయ్యదు. నిన్ననే పరిగెత్తుకు రావాల్సింది."

డాక్టరమ్మ ఇరవై ఎనిమిది రోజుల మాత్రలిచ్చి ఒక్కటీ మానొద్దంది. పిల్లకి పాలు ఇవ్వొచ్చంది. ఆరు వారాలు నిండాక ఒకసారి, మూడు నెలలు నిండాక ఇంకోసారి రక్తం చూస్తామంది. తాతబాబుకీ రక్తం తీసి మాత్రలు మళ్ళీ మొదలెట్టారు.

ఆ రోజులన్నీ నూనెలో ఈదినట్టు నెమ్మదిగా గడిచాయి. మాత్రకి రత్నానికి వికారం. ఆదెమ్మ చూసి, "అప్పుడే రెండోదేటే?" అని మురిసిపోయింది. రత్నం పిల్లకి మాలిష్ చేస్తూ చేస్తూ చెయ్యి ఆపి, తన ముంజేతి నరాలకేసి చూసుకునేది, లోపల ఏం పారుతోందో కనబడుతుందన్నట్టు. ఆరు వారాలకి లేదన్నారు. ఆ రాత్రీ నిద్రపోలేదు.

మూడో నెల. అదే గది. సుభాషిణి కాగితం చూసి తలెత్తింది. "నీకు లేదమ్మా. ఇక దిగులు పడకు."

తాతబాబు పిల్ల పాదాలు కళ్ళకద్దుకున్నాడు. రత్నం ఏడవలేదు. పిల్లని భుజం మార్చుకుంది. "మేడమ్, ఆ వెరావల్లో ఈ మాత్రలు ఎక్కడిత్తారు?"

ఆవిడ అక్కడి ఆసుపత్రికి చీటీ రాసిస్తానంది.

"మావా, ఇనుకో. దిగీదిగగానే బోటుకాడికి కాదు, మందుకాడికెళ్ళాల. రోజూ వీడియో ఫోన్లో మాత్ర మింగి సూపించాల."

"అందరి ముందరా?"

"అందరి ముందరే. నాలిక బయటెట్టి మరీ."

తిరుగు బస్సులో పిల్ల సంచి మీద తల వాల్చి నిద్రపోయింది. ఆ వెచ్చదనం గుడ్డలోంచి నా పొట్టదాకా దిగింది. కిటికీలోంచి ఉప్పుగాలి కొడుతోంది. ఇత్తడికి చిలుము పట్టించే గాలి. పట్టనీ, అనుకున్నాను.