టైల్స్ మీద టైల్స్

ఇంట్లో అందరూ ఆయన్ని ఇంజనీరు అనేవారు. చేసేది బీమా ఆఫీసులో గుమాస్తా పని. కానీ ఇంట్లో కుళాయి కారినా, ఫ్యాను కీచుమన్నా బయటి మనిషిని పిలవనిచ్చేవాడు కాదు. ఆయన చెయ్యి పడ్డాక ఆ కుళాయి చుక్కలు చుక్కలుగా కారడం మానేసి, ఏకంగా ధార కట్టేది.

హాల్లో టైల్స్ మచ్చలు పడి, అక్కడక్కడా బీటలిచ్చాయి. మార్పించమని భార్య చాలాకాలం పోరాక ఆయన మనసు కరిగింది.

"పాతవి పగలగొడితే ఇల్లంతా దుమ్ము. వాటి మీదే కొత్తవి అతికించేద్దాం," అన్నాడు.

"తొక్కితే కొన్ని కదులుతున్నాయండీ. ఆగుతాయా?"

"నువ్వూరుకో. ఇప్పుడొచ్చే టైల్స్ జిగురు సంగతి నీకు తెలీదు."

మేస్త్రి ఎంతో వినయంగా తలూపాడు. పగలగొట్టే చాకిరీ తప్పుతుంటే వాదించడానికి అతనికేం పట్టింది?

పని మొదలవగానే ఇంజనీరు తల్లి, "ఆ కోత మిషను గోల నావల్ల కాదు," అని తన గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. స్నానాలగది లోపలే ఉంది. భోజనం పెరటి కిటికీలోంచి అందించారు. కొడుకు కాలు మీద కాలేసుకుని పని చేయించాడు. సాయంత్రానికి హాలు అద్దంలా మెరిసింది. తెల్లారేదాకా ఎవరూ అడుగు పెట్టొద్దని చెప్పి మేస్త్రి వెళ్లిపోయాడు.

పొద్దున్నే గదిలోంచి కేక వినిపించింది.

"ఒరేయ్, తలుపు రావడం లేదు!"

ఆ తలుపు హాల్లోకి తెరుచుకుంటుంది. కొత్త టైల్స్ దాని అడుగు అంచుకంటే ఎత్తుగా నిలబడి అడ్డుకున్నాయి. గోడ గోడా కొలిచిన మహానుభావుడు తలుపు సంగతి మరిచాడు.

"గట్టిగా తొయ్యమ్మా!"

"తోస్తే నీ నేల కిందికి దిగుతుందా?"

ఆయన వడ్రంగి కోసం పరుగెత్తాడు. కోడలు కాఫీ తీసుకుని పెరటి కిటికీ దగ్గర కుర్చీ వేసుకుంది. పెళ్లయ్యాక వాళ్లిద్దరూ ఆయన ఉపన్యాసం అడ్డులేకుండా మాట్లాడుకోవడం అదే మొదలు.

"మీ మామయ్యా ఇంతేనమ్మాయ్. గదిలో కూర్చుని బీరువా చేశారు. అది గుమ్మంలోంచి బయటికొస్తేనా!"

"మరేం చేశారు?"

"గుమ్మం పగలగొట్టించారు. బీరువా మాత్రం భలే కుదిరిందన్నారు."

"మీరేమీ అనలేదా అత్తయ్యా?"

"అనలేదు. నువ్వలా ఊరుకోకు."

వడ్రంగి వచ్చి చూసి, "అడుగు కొయ్యాలంటే ముందు తలుపు తెరుచుకోవాలి కదండీ," అన్నాడు.

"అయితే తలుపు పగలగొట్టెయ్!"

"తలుపు కాదు," అంటూ భార్య వడ్రంగి చేతిలోని సుత్తీ ఉలీ అందుకుంది. గుమ్మం ముందు టైలు అంచున ఉలి ఆనించి సుత్తితో ఒక్క దెబ్బ వేసింది. కొత్త టైలు పైకి లేచింది, పాతదాన్ని వీపుకు కరుచుకుని మరీ. జిగురును తప్పుపట్టడానికి లేదు. పాతదే నేలను వదిలేసింది. ఆ వరసంతా అలాగే ఊడొచ్చింది. తలుపు తెరుచుకుంది.

"మిగతావి కూడా తీయించండి. పాతవీ, కొత్తవీ," అంది భార్య.

"దుమ్ము..."

"మీరు ఊడుస్తారు."

తల్లి బయటికి వస్తూనే, మూలనున్న చీపురు తీసి కొడుకు చేతిలో పెట్టింది. ఆయన తుమ్ముతూ ఊడ్చాడు, పగిలిన టైల్స్ ముక్కలు మోశాడు.

మళ్లీ కొత్తగా వేసిన నేల చూడటానికి పక్కింటాయన వచ్చాడు. ఇంజనీరు కుర్చీలో వెనక్కి వాలాడు.

"పాతవి పూర్తిగా తీసేశాకే కొత్తవి వేయించాలండీ. చాలామందికి ఇంత చిన్న విషయం కూడా తెలీదు."

వంటింట్లో కాఫీ తాగుతున్న అత్తాకోడళ్లకు ఒకేసారి పొలమారింది.