పోలిరాజు విప్పిన కప్పు

పోలిరాజు మా ఇంటి కప్పు విప్పేసి పోయాడు. చైత్రం ముగుస్తోంది. కలకత్తాలో ఆ రోజుల్లో పొద్దు వాలేసరికి పడమట నల్లగా మబ్బు లేస్తుంది. ఆ గాలివానను ఇక్కడివాళ్లు కాల్‌బైశాఖి అంటారు. రేగిందంటే గట్టి కప్పులే ఎగిరిపోతాయి. ఏక్‌బాల్‌పూర్‌లో మా గదికి గోడలున్నాయి, పైన నీలం టార్పాలిన్ పట్టా ఉంది. దాని కింద పురిటికి వచ్చిన నా కూతురు అమ్మన్నమ్మ ఉంది. నెలలు నిండాయి. దాని తల్లి చచ్చిపోయింది. ఉన్నది నేనొక్కణ్ణే.

పోలిరాజు మా ఊరివాడు, వరసకు అల్లుడు. పెంకులు తీసి శ్లాబు వెయ్యమని, రేవులో నా నౌకరీ ముగిశాక చేతికొచ్చిన డబ్బులో సగం వాడికి బయానా ఇచ్చాను. మా శ్రీకాకుళంవాళ్లు రసీదు అడగరు. తమలపాకు కింద డబ్బు పెట్టి మేస్త్రీకి ఇస్తారు. అతడు ఆకు నమిలాడంటే మాట ఇచ్చినట్టు. పోలిరాజు నమిలాడు. మర్నాడు పెంకులన్నీ దించాడు, సగం పగలగొట్టాడు, ఇసుక తెస్తానని వెళ్లాడు. మళ్లీ రాలేదు.

ఇంకో మేస్త్రీ రాడు. మావాళ్లలో ఒకడు విప్పిన కప్పు మీద మరొకడు చెయ్యి వెయ్యడు. మొదటివాడు నోటితో వదులుకోవాలి. ఎదురింటి కూర్మయ్య కూడా మేస్త్రీయే. అమ్మన్నమ్మ అవస్థ రోజూ చూస్తున్నవాడే.

“పోలిగాడు ఒగ్గేసినానని కబురంపాల మావా. నేకపోతే మేస్త్రీల సంగంలో నన్ను ఎలేస్తారు,” అన్నాడు.

పార్టీ ఆఫీసుకు వెళ్లాను. మృత్యుంజయ దాదా అని అక్కడ తగవులు తీర్చే మనిషి. టీ తాగుతూ విన్నాడు.

“రసీదు ఉందా?”

“లేదు.”

“అయితే తెలుగువాళ్ల గొడవ తెలుగువాళ్లే తేల్చుకోండి,” అని పేపరు తిప్పాడు.

పోలిరాజు సాల్ట్ లేక్‌లో ఒక డాక్టరుబాబు ఇంటికి పై అంతస్తు కడుతున్నాడని తెలిసింది. బస్సెక్కి వెళ్లాను. పరంజా మీంచి నన్ను చూసి దిగాడు. నవ్వాడు కూడా.

“ఏటి మావా, ఇంత దూరం వచ్చినావు? కబురెడితే నానే వద్దును గదా.”

“నా డబ్బేదిరా?”

“ఈ ఇసుకలో పడిపోనాది. డాక్టరుబాబు ఇచ్చినాక సూద్దారి.”

“అమ్మన్నమ్మకు నెలలు నిండాయి. పైన కప్పు లేదు.”

“మరదలికి గాలాడతాది గదేటి,” అని కూలీలకేసి చూశాడు. వాళ్లు నవ్వారు.

కాలి దగ్గర ఇటుక ఉంది. తీశాను. నవ్వులు ఆగిపోయాయి.

“మావా, కింద పెట్టీ,” అన్నాడు పోలిరాజు, రెండడుగులు వెనక్కి వేసి.

పడమట మబ్బు అప్పుడే అంచు కట్టింది. వీడి తల పగిలితే నాకు జైలు. ఇంటి దగ్గర అది ఒక్కతే. ఇటుక పడేశాను.

“వదులుకున్నానని కూర్మయ్యకు చెప్పించు.”

వాడికి ప్రాణం లేచొచ్చింది. “సెప్పిస్తాను. మరి పని ఒగ్గితే బయానా తిరిగియ్యాలంటారు సంగంలో. నాకు బాకీ నేదని ఈళ్లందరి ముందర ఓపాలి అను.”

“పోలిరాజు నాకు బాకీ లేడు,” అన్నాను.

“అద్గదీ. టీ తాగెల్లు మావా.”

“నీ పాడె లేచిననాడు కూడా నీ గుమ్మం తొక్కను.”

ఆ మాటకు వాడి మొహం మాడింది. మా వాళ్లలో అంతకు మించిన తిట్టు లేదు. కబురు చెప్పడానికి ఒక కూలీని నా వెంట పంపాడు.

శ్లాబు మాట ఇక లేదు. మిగిలిన డబ్బుతో దారిలోనే రేకులు కొని రిక్షా బండి మీద వేయించాను. ఇల్లు చేరేసరికి వీధంతా దుమ్ము లేస్తోంది. కూలీ కబురు చెప్పాడు. కూర్మయ్య నిచ్చెన తెచ్చి గోడకు ఆనించి, చెయ్యి చాపాడు.

“బయానా ఏది మావా?”

“లేదు. పని చూసి కూలి ఇస్తాను.”

“నామీద నమ్మకం నేదేటి?”

“లేదు.”

“నాను పోలిగాణ్ణా?”

“బయానా ఇచ్చిననాడు పోలిగాడూ మంచోడే.”

కూర్మయ్య చెయ్యి దించాడు. నిచ్చెన ఎక్కలేదు. గాలికి పట్టా ఒక మూల తెగి పటపటా కొట్టుకుంది.

“అయ్యా, ఎంతో కొంత ఆడి సేతిలో పెట్టీ,” అంది అమ్మన్నమ్మ లోపలినుంచి. “నీకు దండవెడతాను.”

“పెట్టను.”

అది గోడ పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. రెండో చెయ్యి నడుం మీద ఉంది. నొప్పులు మొదలయ్యాయని నాకు అర్థమైంది. కూర్మయ్యకూ అర్థమైంది. నా మొహం చూడకుండా తలకు తువ్వాలు చుట్టి నిచ్చెన ఎక్కాడు.

“రేకు అందియ్యి,” అన్నాడు. మావా అనలేదు.

అందించాను. ఆఖరి రేకు బిగించేటప్పుడు వాన అతని వీపు మీద విరుచుకుపడింది. దిగాక కూలి ఇవ్వబోతే నా చేతినుంచి తీసుకోలేదు. గడప మీద పెట్టమన్నాడు. పెట్టాను. తీసుకుని, మంత్రసానిని పిలుచుకురావడానికి ఆ వానలోనే పరిగెత్తాడు.

లోపల అమ్మన్నమ్మ పడుకున్నచోట నేల పొడిగా ఉంది.