నిమ్మలం

మా హనీమూన్ శంషాబాద్‌లో, సక్కుబాయి గారి రేకుల షెడ్డు కింద జరిగింది. నేను ఇలా అన్నప్పుడల్లా లక్ష్మణ్ గాభరాగా అటూ ఇటూ చూసేవాడు, మాలలో ఉండి అలాంటి మాటలు అనకూడదని. నిజానికి అది కాలినడకన శ్రీశైలం పోయే శివస్వాముల బస. చేవెళ్ళ దిక్కున ఉన్న మా అత్తవారి ఊరి నుంచి బయల్దేరి, ఒక రాత్రి హిమాయత్ సాగర్ దగ్గర పడుకుని, మర్నాడు శంషాబాద్ చేరాం. కాళ్ళకు విశ్రాంతి, సంచులకు సరుకు, రెండూ ఇక్కడే. ఆ తర్వాత తుక్కుగూడ దాటి శ్రీశైలం రోడ్డు పట్టుకోవాలి. ఆ ఊరి స్వాములకు ఏటా ఇదే ఆనవాయితీ.

మాల వేసుకున్నవాళ్ళు ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోరు. మగవాళ్ళంతా స్వాములు, ఆడవాళ్ళంతా మాతలు. మొగుడు "మాతా, జర జరుగు" అంటే ఏ కొత్త పెళ్ళికూతురికి నవ్వు రాదు? నాకైతే దారి పొడుగునా వస్తూనే ఉంది. నా గోళ్ళ మీద పెళ్ళి గోరింటాకు ఇంకా అర్ధచంద్రాల్లా మిగిలే ఉంది. అరికాళ్ళలో బొబ్బలున్నా, అవి కూడా మా ఇద్దరికీ ఒకే చోట వచ్చాయని మురిసిపోయాను.

ఆ ఉదయం నేనూ లక్ష్మణ్ సరుకుల కోసం బజారుకు వెళ్ళాం. అటుకులు, పుట్నాలు, పెద్ద బెల్లం ముద్ద, కర్పూరం, టార్చిలోకి సెల్లులు, బొబ్బలకు దూదీ పట్టీలూ కొన్నాం. ఎండెక్కిన తారు మీద ఉత్త కాళ్ళతో లక్ష్మణ్ కోడిపుంజులా గెంతుతుంటే అరటిపళ్ళ బండివాడు కూడా నవ్వాడు. బట్టలు ఆరేసుకోవడానికి పసుపురంగు నైలాన్ తాడు కొన్నాం. మా కాపురానికి కొన్న మొదటి వస్తువు అదే అని నేనంటే, "ఇగ మంచిగ కట్టేసుకో నన్ను" అన్నాడు మెల్లగా. అంతలో తల మీదుగా విమానం దిగుతూ పోయింది. అత్తవారి ఊళ్ళో విమానమంటే చీమంత. ఇక్కడ దాని పొట్ట, చక్రాలు, రెక్కల కింద రాసిన అక్షరాలు కూడా కనబడతాయి. నేను నిలబడి చెయ్యి ఊపాను. లక్ష్మణ్ కూడా ఊపాడు.

ఈ నడక అసలు మాది కాదు, మా మామయ్య చెన్నయ్య గారిది. ఆయన అన్న సోమయ్య గారి కోసం మొక్కిన మొక్కు. పెదమామయ్యకు భార్యాబిడ్డలు లేరు. తమ్ముడి ఇల్లే ఆయన ఇల్లు. మాది తణుకు. హైదరాబాద్‌లో చదువుకునేటప్పుడు లక్ష్మణ్ పరిచయమయ్యాడు. ఈ సంబంధానికి ఇంట్లో అందరూ తటపటాయిస్తుంటే, మొదట సరేనన్నది పెదమామయ్యే. "ఆ పిల్ల మాట్లాడ్తుంటే రేడియో ఇన్నట్టున్నది. మనింట్ల రేడియో లేదు గద, ఉండనియ్యి" అన్నారట. పెళ్ళయ్యాక నా పేరే రేడియో అయిపోయింది. సాయంత్రాలు వాకిట్లో కూర్చోబెట్టుకుని ఆ ఊరి మాటలు నేర్పేవారు. నేను తప్పు పలికితే తొడ చరుచుకుని నవ్వేవారు. నిమ్మలం అన్న మాట కూడా ఆయన దగ్గర నేర్చుకున్నదే. గబగబా అన్నం తింటుంటే, "నిమ్మలంగ తిను బిడ్డా" అనేవారు. నాకు జ్వరం వచ్చి తగ్గిన రోజు గుమ్మంలో నిలబడి, "నిమ్మలమైందా?" అని అడిగారు. అంత మెత్తని మాట మా వైపు లేదనిపించింది.

గుమ్మానికి కట్టిన పెళ్ళి మామిడాకులు ఇంకా తియ్యకముందే ఆయన పొలం గట్టు మీద పడిపోయారు. కుడి పక్క చచ్చుబడింది, మాట పోయింది. దవాఖానలో కొన్నాళ్ళుంచి ఇంటికి తీసుకుపొమ్మన్నారు. అన్న మంచంలో లేచి కూర్చుంటే చాలని మామయ్య మాల వేసుకున్నారు. నేనూ వస్తానన్నాను, లక్ష్మణ్ కూడా వేసుకున్నాడు. అత్తయ్య రుక్కమ్మ గారు పెదమామయ్యను చూసుకోవడానికి ఇంట్లో ఉండిపోయారు.

మేం బజారు నుంచి వచ్చేసరికి స్వాములంతా షెడ్డు కింద నడుం వాల్చారు. పట్టీలు సరిపోవని మా గురుస్వామి జంగయ్య గారు అనడంతో, ఆయనతో కలిసి లక్ష్మణ్ మళ్ళీ బజారుకు వెళ్ళాడు. లక్ష్మణ్ ఫోన్ చార్జింగ్ లేక ఎప్పుడో ఆగిపోయింది. మామయ్య మాల వేసుకున్నప్పుడే ఫోన్ ఇంట్లో వదిలేశారు. నా ఫోన్ సక్కుబాయి గారి హాల్లో గోడకు చార్జింగ్‌లో వేలాడుతూ ఉంది. అది మోగితే పరుగెత్తాను. అత్తయ్య.

లక్ష్మణ్ లేడా అని అడిగారు. బజారుకెళ్ళాడన్నాను. ఆమె గొంతు బొంగురుపోయి ఉంది. రాత్రంతా మేలుకున్నారేమో అనుకున్నాను.

"మీ పెద్దమామ ఇగ నిమ్మలమైండు బిడ్డా" అన్నారు.

అప్పుడే ఇంటి మీదుగా విమానం పోయింది. కిటికీ రెక్కలు అదిరాయి. అత్తయ్య ఇంకేదో చెప్పారు గానీ ఒక్క ముక్క వినబడలేదు. చప్పుడు తగ్గేసరికి, లక్ష్మణ్ రాగానే ఫోన్ చెయ్యమని మాత్రం అని పెట్టేశారు. ఆమె ఏడుస్తున్నారని తెలిసింది. నాక్కూడా కళ్ళ నీళ్ళు తిరిగాయి. సంతోషం పట్టలేక ఏడవడం నేను మా అమ్మ దగ్గర చూశాను.

మామయ్య పెరట్లో ఉప్పు వేసిన వేణ్ణీళ్ళ బకెట్లో పాదాలు పెట్టుకుని కూర్చున్నారు. మాల సంగతి మర్చిపోయి, "మామయ్యా" అంటూ వెళ్ళాను. అత్తయ్య ఫోన్ చేశారని, పెదమామయ్యకు తగ్గిందట అని చెప్పాను.

ఆయన రెండు చేతులూ ఎత్తి మొక్కారు. బకెట్లోంచి కాళ్ళు తీసి, తుడుచుకోకుండానే షెడ్డులోకి నడిచారు. ఆయన వెనకే గచ్చు మీద తడి అడుగులు. అడవిలోకి దాచుకోవాలని తెచ్చిన బెల్లం ముద్ద తీసి, సక్కుబాయి గారి రోకలితో ఆయనే పగలగొట్టారు. పళ్ళెంలో పుట్నాలు కలిపి నా చేతికిచ్చారు. నేను ఒక్కొక్క స్వామికీ పంచాను. పడుకున్నవాళ్ళను లేపి మరీ పెట్టాను. సక్కుబాయి గారి మేడ మీద కిరాయికి ఉండే పిల్లలు కూడా వచ్చి చేతులు పట్టారు.

మామయ్య అంత మాట్లాడడం నేనెప్పుడూ చూడలేదు. అన్న తనను భుజాల మీద ఎక్కించుకుని వాగు దాటించిన సంగతి చెప్పారు. పొలంలో నాగలి ఆపి మరీ అన్న విమానాలను చూసేవాడని, ఎడ్లు కూడా ఆగి పైకి చూసేవని చెప్పి నవ్వించారు. శ్రీశైలం నుంచి వచ్చాక అన్నను ఈ ఇంటికే తీసుకొస్తానన్నారు.

"ఈడ మంచమేసి పండవెడ్త సక్కమ్మా. ఈమానాల కిందనే పండవెడ్త."

"మా ఇంటి మీదికెళ్ళే గద పొయ్యేది. టికెట్టు గూడ అక్కర లేదు" అన్నారు సక్కుబాయి గారు.

మామయ్య బెల్లం ముక్క బుగ్గన పెట్టుకుని నావైపు తిరిగారు. కళ్ళు చిన్నపిల్లాడిలా మెరుస్తున్నాయి. తీపి మాటను ఇంకోసారి చప్పరించాలని ఉన్నట్టుంది.

"మీ అత్త ఏమన్నదో మల్లొకసారి జెప్పు బిడ్డా. ఉన్నదున్నట్టు జెప్పు."

నేను గొంతు సవరించుకున్నాను. పెదమామయ్య నేర్పిన యాస ఎక్కడా జారకుండా, అత్తయ్య అన్నట్టే అన్నాను.

"మీ పెద్దమామ ఇగ నిమ్మలమైండు బిడ్డా."

ఆ యాస సరిగ్గా పలికినందుకు మెచ్చుకుంటారని చూశాను. మామయ్య దవడ కదలడం ఆగిపోయింది.

"ఇగ అన్నదా?"

అవునన్నాను.

ఆయన మెల్లగా లేచి పెరట్లో కుళాయి దగ్గరకు వెళ్ళారు. బెల్లం ఉమ్మేసి, నోరు పుక్కిలించారు. మళ్ళీ పుక్కిలించారు. నీళ్ళు పారుతూనే ఉన్నాయి, ఆయన దోసిలి పడుతూనే ఉన్నారు. సక్కుబాయి గారు నా చేతిలోని పళ్ళెం తీసుకుని, కొంగుతో కప్పారు.

ఏమైందని ఆమెను అడిగాను. ఆమె నన్ను పక్కకు తీసుకెళ్ళి, తల మీద చెయ్యి వేసి చెప్పారు.

"మాలల ఉన్నోళ్ళకు సావు కబురు చెవుల వడొద్దు బిడ్డా. గందుకే పోయిండనకుండ ‘ఇగ నిమ్మలమైండు’ అని జెప్తరు."

నా చేతులకు ఇంకా బెల్లం అంటుకునే ఉంది.

లక్ష్మణ్, జంగయ్య గారు వచ్చేసరికి మామయ్య కుళాయి గట్టు మీద కూర్చుని ఉన్నారు. సంగతి సక్కుబాయి గారే చెప్పారు. లక్ష్మణ్ పట్టీల సంచి కింద పెట్టి తండ్రి పక్కన కూర్చున్నాడు. పెద్దబాపు అని ఒక్కసారి అన్నాడు, అంతే.

ఇంట్లోవాళ్ళ చావు కబురు తెలిస్తే మాల తీసెయ్యాలి, నడక అక్కడితో ఆగిపోతుంది. నడుమ ఆగిన మొక్కు ఇంటికి మంచిది కాదని ఆ ఊళ్ళో అందరూ నమ్ముతారు. జంగయ్య గారు మామయ్య ముందు కూర్చున్నారు.

"ఎవ్వలు నోరు దెర్సి జెప్పలే గద స్వామీ. నీ చెవుల వడనట్టే. కొడుకు పోయి నిప్పు వెడ్తడు. నువ్వు నడువు."

మామయ్య తల అడ్డంగా ఊపారు.

"నా చెవుల వడ్డది. నోట్ల గూడ వడ్డది, తీపి."

"మొక్కు సగంల ఇడిస్తె ఎట్ల?"

"అన్న కోసం మొక్కిన. అన్ననే ఇడిసి ఎవలి కోసం నడువాలె?"

జంగయ్య గారు లేచి, మంత్రం చదివి, మామయ్య మెడలోంచి రుద్రాక్షమాల తీశారు. తర్వాత లక్ష్మణ్‌ది తీశారు. నేను పక్కన నిలబడి ఉన్నాను. నాది కూడా తియ్యాలని నాకు తట్టలేదు. ఆయన నావైపు చెయ్యి చాచి, "నువ్వు గూడ ఆ ఇంటిదానివే గదమ్మా" అన్నారు. పెళ్ళిలో తలంబ్రాలు పోసుకున్నప్పుడు, గడప మీద బియ్యం చెంబును కాలితో దొర్లించినప్పుడు నేను ఆ ఇంటి మనిషినయ్యాననుకున్నాను. మాల మెడ మీంచి వెళ్ళిపోయాక అక్కడ గాలి తగిలి చల్లగా అనిపించింది.

నేను మామయ్య దగ్గరకు వెళ్ళాను. నేను తప్పుగా విన్నానని మాత్రం అన్నాను.

"తప్పేం జెప్పలే బిడ్డా" అన్నారాయన. "మంచంల గోస వడ్డడు. నిమ్మలమే అయిండు."

మా వంతు అటుకులు, పట్టీలు స్వాములకే వదిలేశాం. పసుపు తాడు మీద బట్టలు ఇంకా ఆరలేదు. లక్ష్మణ్ తాడు విప్పి, తడి బట్టలతో సహా చుట్టేశాడు. సక్కుబాయి గారి ఇంట్లో కిరాయికి ఉండే క్యాబ్ డ్రైవర్ ఎయిర్‌పోర్ట్ డ్యూటీ మానుకుని బండి తీశాడు.

మేం నడిచి వచ్చిన దారి వెనక్కి తిరగడం మొదలుపెట్టింది. నేను నవ్వాపుకోలేక కూలబడిన సిమెంటు దిమ్మె వచ్చింది, పోయింది. లక్ష్మణ్ నా కాలిలో ముల్లు తీసిన వేపచెట్టు, స్వాములందరికీ మజ్జిగ పోసిన ముసలమ్మ గుడిసె, హిమాయత్ సాగర్ గట్టు మీద మేం చాపలు పరుచుకున్న చోటు, అన్నీ అద్దంలోంచి జారిపోయాయి. కాళ్ళు వాచేలా నడిచిన దారి అంత కొంచెమా అనిపించింది. మామయ్య ముందు సీట్లో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఒకచోట కిటికీలోంచి వంగి పైకి చూశారు. ఆకాశంలో విమానం అప్పటికే చీమంత అయిపోయింది.

ఊరి మొదట్లోనే డప్పు వినబడింది. ఈసారి దాని అర్థం ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

వాకిట్లో, ఆయన నాకు మాటలు నేర్పిన చోటే, పెదమామయ్యను చాప మీద పడుకోబెట్టారు. అత్తయ్య లేచి ఎదురొచ్చారు. మామయ్య బోసి మెడ చూసి ఆగిపోయారు.

"ఎవలు జెప్పిండ్రు నీకు? కొడుకొక్కణ్ణే తోలుమంటి. నీకు తెల్వనియ్యకుమని పైలంగ జెప్తి గద."

విమానం మింగేసిన మాట ఏమిటో అప్పుడు తెలిసింది. అత్తయ్య కళ్ళు నా మీద ఆగాయి. నేను నోరు తెరవబోయాను. మామయ్య నాకూ ఆమెకూ మధ్యలోకి వచ్చి నిలబడ్డారు.

"ఎవ్వలు జెప్పలే. పానం గుంజింది, వచ్చిన" అన్నారు.

తర్వాత పోయి అన్న పాదాల దగ్గర కూర్చున్నారు. మంచంలో ఉండి ఉండి ఆ పాదాలు మెత్తబడి, మడమల పగుళ్ళు కూడా మానిపోయి ఉన్నాయి. మామయ్యవి దుమ్ము కొట్టుకుని, చిట్లిన బొబ్బలతో ఉన్నాయి. ఆయన అన్న పాదాలు రెండూ ఒళ్ళోకి తీసుకున్నారు.

"శంషాబాద్ దాంక పోయిన అన్నా" అన్నారు. "గంతే పోయిన."