తల్లి డైనోసార్ పొట్ట

పాపకి నీళ్లు పోసి లేచేసరికి ఆమె చొక్కా ముందు భాగమంతా తడిసి పొట్టకి అంటుకుపోయింది. పాపని తువ్వాలులో చుట్టుకుని గదిలోకి వస్తుంటే భర్త ఫోన్లోంచి తలెత్తి, "ముందు ఆ బట్ట మార్చుకో. పొట్టంతా కనిపిస్తోంది," అన్నాడు. కోపంగా అనలేదు. తలుపు దగ్గరగా వెయ్యి అన్నంత మామూలుగా అన్నాడు.

అత్తగారిదీ అదే దారి. ఇంటికొచ్చిన చుట్టాల ముందు, కోడలు పక్కనుండగానే, ముగ్గుర్ని కన్నా తన ఒంటి మీద ఒక్క గీత పడలేదని, కోడలికి ఒక్క కాన్పుకే పొట్టంతా చారలని చెప్పి నవ్వుతుంది. చుట్టాలు నవ్వుతారు. నవ్వకపోతే బాగుండదని కోడలే అందరికంటే ముందు నవ్వేది.

పెళ్లితో చదువు మధ్యలో ఆగినా, వీడియోలు చూసి, చెడగొట్టి, మళ్లీ చేసి ఆమె ఒక పని నేర్చుకుంది. వంటింటి పక్క బల్ల మీద, కంప్యూటర్లో డైనోసార్లను చేస్తుంది. పని ఇచ్చే యానిమేషన్ స్టూడియో వాళ్లు ఎముకల కొలతలు పంపుతారు. వాటి మీద కండ, కండ మీద చర్మం ఆమె వేస్తుంది. ఇంట్లో వాళ్లు దాన్ని బొమ్మలాట అంటారు. బొమ్మలు తర్వాత, ముందు పిల్లని చూడు అంటారు. చూడందెప్పుడు? పాప ఊపిరి వినిపించకపోతే భయం, గట్టిగా వినిపించినా భయం. ఒక చెయ్యి మౌస్ మీదా, ఒక చెయ్యి పాప గుండెల మీదా పెట్టుకునే పనిచేస్తుంది.

ఈసారి మ్యూజియం కోసం ఒక తల్లి డైనోసార్. గుడ్లు పెట్టి, గూటి పక్కన అప్పుడే మేను వాల్చిన తల్లి. దాన్ని కళ్లారా చూసినవాళ్లు ఎవరూ లేరు కాబట్టి చర్మానికి ఇప్పటి జంతువుల ఫోటోలే ఆధారం. కాళ్లకి ఏనుగు, మెడకి తాబేలు సరిపోయాయి. పొట్ట దగ్గరే కుదరలేదు. మొసలి పొట్ట అతికిస్తే కొత్త సంచీలా బిర్రుగా ఉంది, ఏమీ మోయనట్టు, ఏమీ దించుకోనట్టు. ఒక మధ్యాహ్నం పాప నిద్రపోయాక ఆమె కిటికీ వెలుతురులో నిలబడి తన పొట్టనే అరచేతి మేర ఫోటో తీసింది. రంగు మార్చి, పైన పొలుసులు అద్ది చూస్తే, ఆ జంతువు అమ్మయ్య అని ఊపిరి వదిలినట్టనిపించింది.

స్టూడియోలో అందరికీ నచ్చింది. ఎక్కడిదని అడిగితే సిగ్గేసి, ముసలి ఏనుగుది అనేసింది. అక్కడే చిక్కు పడింది. అసలు ఫోటో చూపించనిదే మ్యూజియం వాళ్లు ఏ చర్మాన్నీ ఒప్పుకోరు. ఇవాళ ఆ ఫోటో అయినా పంపాలి, లేదా పొట్ట తీసేసి మొసలిదే పెట్టాలి. పొద్దుటి నుంచీ మనసు మొసలి వైపే లాగుతోంది. చారలు పోతాయి. అందరూ కోరేది అదేగా అనుకుంటూ పాపకి గౌను తొడిగి, భుజాన వేసుకుని బల్ల ముందు కూర్చుంది. చొక్కా ఇంకా తడిగానే ఉంది.

బట్ట సంగతి మళ్లీ గుర్తు చేద్దామని వచ్చిన భర్త వెనకే నిలబడిపోయాడు. తెర మీద తల్లి డైనోసార్ నెమ్మదిగా తిరుగుతోంది. ఆమె పనిని అతను ఆగి చూడటం అదే మొదలు. వంగి, దాని పొట్ట మీద వేలు పెట్టాడు.

"ఇది మాత్రం బతికున్నట్టే ఉంది. పాపం, ఎన్ని గుడ్లు మోసిందో." ఆ గొంతులో జాలి ఉంది, మర్యాదా ఉంది. ఆమె ఆ గొంతు విని చాలాకాలమైంది. "ఏ జంతువుది ఈ చర్మం?"

ఆమె జవాబు వెతుక్కునే లోపే ఫోన్ మోగింది. స్టూడియో పెద్ద. ఏనుగు ఫోటో దొరికిందా అమ్మా, లేకపోతే మనవాళ్లతో మార్పించేయనా అని అడిగాడు.

ఆమె పాపని రెండో భుజానికి మార్చుకుంది.

"మార్చొద్దు సార్. ఏనుగుదని అబద్ధం చెప్పాను. అది నా పొట్ట. పాప పుట్టాక ఇలా అయింది. ఫోటో పంపిస్తున్నాను."

భర్త వేలు తెర మీదే ఆగిపోయింది. తీయాలో, ఉంచాలో అతనికి తెలియలేదు. తీయమని ఆమె అనలేదు. తడి చొక్కా మార్చుకోవడానికీ లేవలేదు.