మైకులో పడిన పాట

రామలింగప్ప పొద్దుటినుంచి నాలుగుసార్లు చొక్కా మార్చాడు. ఉన్నవి రెండే చొక్కాలు. కర్నూలు రాజధాని అయిన ఏడాది అది. ఆ రోజు అతని అక్కకూతురు గంగాదేవి పెండ్లి. కొత్త సినిమా వరసల్లో పాటలు కట్టి పాడడంలో మాధవరం సాలెవీధిలో అతన్ని మించినవాడు లేడు. అది మూడు నెలల కిందటి మాట. ఇప్పుడు నోరు తెరవాలంటే భయం. తన పాటలన్నీ ఉత్త కూతలనీ, ఇన్నాళ్లూ జనం మొహమాటానికి తలలూపారనీ ఒకటే అనుమానం బుర్ర తొలిచేస్తోంది. నిద్ర లేదు. మగ్గం గుంతలో దిగితే గడియసేపు కుదురుండదు. గాలి సోకిందన్నారు, దిష్టి అన్నారు. భార్య మద్దమ్మ కడప దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించింది. ఒంటికి జబ్బయితే చెప్పుకోవచ్చు. దీనికి ఏం పేరు పెట్టి చెప్పుకుంటాడు పాపం!

"నువ్వు పాడకుంటే నేను పీట మీద కూచోను మామా" అని పెండ్లికూతురు మొండికేసింది. ఈరోజు గొంతు పెగలకపోతే ఇక జన్మలో పాడనని రామలింగప్ప తనలో తానే ఒట్టు పెట్టుకున్నాడు.

తాళి కట్టడం అయింది. కడప నుంచి మైకుసెట్టు తెచ్చిన హనుమన్న రికార్డు ఆపి, "రాప్పా, పాడు" అంటూ మైకు చేతికిచ్చాడు. రామలింగప్ప దగ్గాడు. ఆ దగ్గు వీధి చివర మిద్దెకు కట్టిన బూరలోంచి వినిపించేసరికి అదిరిపోయాడు. కట్టుకొచ్చిన పెండ్లిపాటలో ఒక్క ముక్క గుర్తురాలేదు. మగ్గం దగ్గర రోజూ గొణుక్కునే పాటను నోరు దానంతటదే అందుకుంది.

"గుంతలో కాళ్లుండె, గుండె యాడికో పాయె..."

పందిరంతా చప్పబడింది. "పెండ్లిలో ఈ ఏడుపేందప్పా?" అన్నారెవరో. రామలింగప్ప సిగ్గుతో చచ్చిపోయాడు. మైకు హనుమన్నకు ఇచ్చేసి పందిరి దాటబోయాడు.

"పోగులతికే చేయి నన్నతకదాయె..."

ఆడవాళ్లలోంచి రెండో పాదం వినబడింది. పాడింది మద్దమ్మ. నలుగురిలో నోరెత్తి ఎరగని మనిషి, అపస్వరంలో, గట్టిగా పాడింది. ఆ పాట అతను ఎవరికీ వినిపించలేదు. మగ్గం చప్పుడు మాటున పాడుకున్నాడంతే.

"నీకెట్ల తెలుసు?" అన్నాడు దగ్గరికి పోయి.

"పక్కన కూచుని నూలు కండెలు చుట్టేది నేను కాదా? మగ్గం చప్పుడు నేను పుట్టినప్పటినుంచీ ఉండేదే, అది నా చెవికే పడదు. నీ పాటే పడ్తాది. మూడు నెలలుగా దినమ్మూ వింటాండా."

"మరి ఒక్క మాటన్నా అడగలేదే?"

"ఎట్ల అడగాల్నో తెలీకనే దర్గాకు పిల్చుకపోతి." అంది మద్దమ్మ. "ఎప్పుడూ ఈడికే ఆపేస్తావు. తర్వాత ఏముండాది?"

"ఇంకా కట్టలేదు. కడతా" అన్నాడు రామలింగప్ప. అని, అంత పెండ్లిలోనూ సిగ్గు విడిచి ఏడ్చాడు.