థెల్మా ఇంటి టీ

మెల్‌బోర్న్‌లో థెల్మా వంటింట్లో రోజూ సాయంత్రం నలుగురు చేరి సైన్యంలో చేరే దరఖాస్తులు నింపేవారు. అన్నీ దొంగవే. కుక్కల పేర్లూ, పోయిన తాతల పేర్లూ రాసి పంపితే, లేని ఆ కుర్రాళ్ల కోసం సర్కారువాళ్లు వీధులన్నీ తిరిగేవారు.

పుట్టినతేదీలు రాసిన గోళీలను పీపాలోంచి తీసి, ఆ తేదీలవాళ్లను వియత్నాం యుద్ధానికి పంపేవారు. నెవిల్ తేదీ పడింది. పిలుపు కాగితాన్ని నడివీధిలో చించేసి, గడ్డం పెంచి, థెల్మా ఇంట్లో దాక్కున్నాడు.

ఎవరినైనా వెతుక్కుంటూ ఆ ఇంటికొచ్చి టీ తాగితే, ఆ మనిషినీ, ఆ మనిషి వల్ల పరిచయమైనవాళ్లనీ మరిచిపోతారు. వీధిలో అందరికీ తెలిసిందే. పోలీసులు టీ తాగి, గులాబీలు మెచ్చుకుని వెళ్లిపోయేవారు.

నెవిల్‌ను పెళ్లాడాల్సిన ఆవిస్ మాత్రం చుక్క ముట్టేది కాదు. రోజూ వచ్చేది, రోజూ ఒళ్లు మండేది. అతని ఒంటిమీది స్వెట్టరు థెల్మా అల్లింది. అతను బఠాణీలు ఒలిచేది థెల్మాకి.

"మొగుడు పోయిన ఆడది, గడ్డం కుర్రాడు. బాగానే సాగుతోంది మీ పోరాటం!" అంది ఓరోజు.

"వాడి మేజోళ్ల కంపు భరించలేక చస్తున్నాను. పట్టుకుపోవే తల్లీ!" అని నవ్వింది థెల్మా.

ఆ నవ్వే గుచ్చుకుంది. మర్నాడు ఆవిస్ పోలీసు సార్జెంటును వెంటబెట్టుకొచ్చింది. టీ తాగొద్దని దారిలోనే చెప్పింది.

బల్ల చుట్టూ ముగ్గురు గడ్డాలవాళ్లు. "వీళ్లలో నెవిల్ ఎవరమ్మా?" అన్నాడు సార్జెంటు.

నెవిల్ థెల్మా వంక చూడలేదు. ఆవిస్ వంకే చూశాడు, కోపం లేకుండా. తను చూపిస్తే అతనికి రెండేళ్లు జైలు.

"గొంతెండిపోయిందండీ. థెల్మా, టీ పొయ్యి," అంది ఆవిస్.

"నీకొద్దే పిల్లా!"

"పొయ్యమంటుంటే!"

రెండు గుక్కల్లో తాగేసింది.

"ఇప్పుడు చెప్పు. నెవిల్ ఎవరు?"

ఆవిస్ ముగ్గురినీ ఓపిగ్గా చూసింది. "ఏ నెవిలండీ? వీళ్లెవరో నాకు తెలీదు."

ఆ ముఖంలో ఎంత వెతికినా అబద్ధం దొరకలేదు సార్జెంటుకి. టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

స్వెట్టరు కుర్రాడు వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. థెల్మా అతని భుజం పట్టుకుంది.

"మీ ఆయనా?" అని అడిగింది ఆవిస్.

ట్రాము కోసం నడుస్తూ, అంతలా ఏడ్చే మనిషి తనకూ ఒకడుంటే ఎంత బావుండేదో అనుకుంది. ముక్కూమొహం తెలియని ఆ ఆడదాని మీద ఎందుకో అసూయ పుట్టింది.