క్లారినెట్‌కు ఆనిన పన్ను

అతనికి క్లారినెట్టే లోకం. అన్న నడిపే బ్యాండులో ముందు వరస అతనిదే. క్లారినెట్ మూతి మీద పై ముందుపళ్ళు గట్టిగా ఆనితేనే స్వరం నిలబడుతుంది. నోట్లో అన్ని పళ్ళుండగా పుచ్చు వచ్చి సరిగ్గా ఆ ముందుపళ్ళలో ఒకదానికే పట్టింది.

మొదట్లో చన్నీళ్ళు తగిలితే ఒక్క క్షణం జివ్వుమనేది.

"డాక్టరుకి చూపించండి. ఇప్పుడైతే పుచ్చు తీసి సిమెంటు పెట్టేస్తారు," అంది భార్య.

"పెళ్ళిళ్ళ సీజన్ అయిపోనీ. ఇప్పుడు కెలికిస్తే రేపు ఊదేదెవరు, నువ్వా?" అని ఆవిడ నోరు మూయించాడు.

మొండితనంలో అతనికి సాటి లేరు. క్లారినెట్ మూతికి మెత్తగా ఉంటుందని రబ్బరు ముక్క అంటించాడు. అది చాలక ఇంకొకటి. రానురాను నీళ్ళు తాగి గ్లాసు దించాక కూడా సలుపు ఆగేది కాదు. ఏమీ తగలకపోయినా పోటు మొదలయ్యేది. అప్పటికి భయమేసి డాక్టరు దగ్గర నంబరు తీసుకున్నాడు.

తీరా వెళ్ళాల్సిన రోజు పొద్దున్నే లేచేసరికి నొప్పి మాయం! ఐసు ముక్క పెట్టి చూసుకున్నాడు. చురుక్కుమంటే ఒట్టు.

"చూశావా, దానంతటదే తగ్గింది!" అని ఎగిరి గంతేశాడు. భార్యకీ ప్రాణం లేచొచ్చింది. డాక్టరు సంగతి ఇద్దరూ మర్చిపోయారు.

కొన్ని నెలలకి పై పెదవి వాచి, వాపు ముక్కుదాకా పాకింది. జ్వరంతో వణుకుతూ వెళ్ళాడు.

"జివ్వుమన్నప్పుడే రావాల్సిందండీ. నొప్పి పోయిందనుకున్నారే, ఆ రోజు పంటిలో నరం చచ్చిపోయింది," అంది డాక్టరమ్మ ఎక్స్‌రే చూపిస్తూ. "చీము ఎముకని తినేసింది. దీంతోపాటు పక్క పన్ను కూడా తీసెయ్యాలి."

"మళ్ళీ ఊదగలనా అమ్మా?"

"కట్టుడు పళ్ళతో తినగలరు. ఊదడం మాత్రం చెప్పలేను."

కట్టుడు పళ్ళు పెట్టించుకుని, రోజూ గది తలుపేసుకుని ప్రయత్నించాడు. గట్టిగా పట్టుకుంటే పళ్ళు కదిలేవి, వదులుగా పట్టుకుంటే క్లారినెట్ కీచుమనేది. గోడవతల భార్య వింటూ కళ్ళు తుడుచుకునేది.

చివరికి అన్న వచ్చాడు, చేతిలో ఇత్తడి తాళాల జతతో. తమ్ముడి మొహంలోకి చూడలేకపోయాడు.

"ముందు వరసకి ఇంకొకర్ని పెట్టానురా. నువ్వు వెనక నిలబడి ఇవి వాయించు. వీటికి పళ్ళతో పనిలేదుగా," అన్నాడు, ధైర్యం చెబుతున్నాననుకుని.

ఆ మాటకి తమ్ముడు అన్న చొక్కా పట్టుకుని, కట్టుడు పళ్ళు ఊడి కింద పడ్డా పట్టించుకోకుండా, వెక్కివెక్కి ఏడ్చాడు.